బొట్టు పెట్టిన క్యాన్లు

నా చిన్నప్పుడు మా ఇంటి కారులో పెట్రోలు సగానికి దిగనిచ్చేవారు కాదు మా తాతయ్య. నాన్న ఆఫీసు నుంచి వచ్చి ఇంజను ఆపేలోపే ఆయన బయటికి నడిచి, కిటికీలోంచి తొంగిచూసి, ముల్లు ఎక్కడుందో కనుక్కునేవారు. సగానికి దగ్గరపడిందంటే నాన్న టీ కూడా తాగకుండా మళ్ళీ బంకుకు వెళ్ళాల్సిందే.

అప్పుడు మేము మెల్‌బోర్న్‌కు ఆగ్నేయపు అంచున ఉండేవాళ్ళం. ఇవాళ క్లైడ్ నార్త్ అంటూ వరసగా ఇళ్ళు లేచిన ఆ వైపంతా అప్పట్లో గడ్డి మైదానాలు, గుర్రాలు, ఎదురుగాలి. మాది కోస్తాలో ఒక చిన్న దివాణం. నేను పుట్టేనాటికి అందులో మాకు ఒక్క ఇటుక కూడా మిగల్లేదు. అయినా తాతయ్య ఆ పేరుకు తగ్గట్టే కూర్చునేవారు, లేచేవారు. ఆయన కుర్చీకి వీపు ఆనించగా నేనెప్పుడూ చూడలేదు. నాకూ అదే అలవాటు వచ్చింది. అందుకు నేను సిగ్గుపడను.

ముల్లు సంగతి అమ్మ ఒకసారి నాకు జడ వేస్తూ చెప్పింది. దివాణం అమ్ముడుపోయి మావాళ్ళు ఊరు విడిచిన రోజున, పెట్రోలు అయిపోయి కారు సరిగ్గా బజారు మధ్యలో ఆగిపోయిందట. నిన్నటిదాకా దండాలు పెట్టినవాళ్ళు అరుగుల మీద నిలబడి చూశారట. ఒక్కరూ కదల్లేదు. నాయనమ్మ లోపల తల వంచుకుని కూర్చుంటే, తాతయ్యే దిగి చొక్కా చేతులు మడిచి, ఊరి చివరిదాకా కారు తోశారట. "ఈ మాట గడప దాటిందో, నీ పని చెప్తాను" అని అమ్మ జడ లాగి ముడి వేసింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పెద్ద డీజిల్ బండి కొన్నారు. మా ఇంట్లో మరొకరు వాడకుండా వచ్చిన కారు, ఊరు విడిచాక అదే మొదటిది. తాతయ్య దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, ముందు భాగాన స్వయంగా పసుపు కుంకుమలు అద్దారు. జులైలో, ఇక్కడి చలికాలంలో, బడి సెలవులకు మూడు తెలుగు కుటుంబాలు కలిసి మంచుకొండకు వెళ్దామనుకున్నాం. ఇక వారమంతా మా ఇల్లు యుద్ధానికి వెళ్తున్నట్టే ఉండేది. రేడియేటరులో చలికి గడ్డకట్టని మందు పోయించారు. కొత్త వైపర్లు, దుప్పట్లు, పార, చక్రాలకు చుట్టే గొలుసులు తెచ్చారు. అమ్మ పులిహోరకు డబ్బాలు తీసింది. తాతయ్య పెళ్ళినాటి నల్లకోటు పెట్టెలోంచి బయటికి వచ్చింది.

గొలుసులు తొడగడం మాలో ఎవరికీ రాదు. పక్కింటి అక్క వచ్చి చూపించింది. వాళ్ళది ఫిజీ. ఆమె ముత్తాత చెరకు తోటల్లో కూలికని మన తీరం నుంచే ఓడెక్కినవాడు. అక్క సరుకుల లారీ నడిపేది. వారానికి రెండుసార్లు కొండ ఊళ్ళకు వెళ్ళి వచ్చేది. నేను మొదట్లో ఆంటీ అంటే, "ముప్పై కూడా రాలేదు, అప్పుడే ముసలిదాన్ని చేస్తావా?" అని కొట్టినంత పని చేసింది. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చిన పాతకాలపు తెలుగు మాట్లాడేది. తాతయ్యను అంకుల్ అనేది కాదు, అయ్యగారూ అనేది. ఆయనకు అది నచ్చేది. అలా పిలిపించుకోవడం తన హక్కనుకునేవారు.

ఆమె సిమెంటు నేల మీద మోకాళ్ళూని గొలుసు బిగిస్తుంటే, తాతయ్య కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి చూశారు. పని అయ్యాక అక్క చేతులు తుడుచుకుంటూ, "అయ్యగారూ, ట్యాంకు నిండా పొయ్యకండి. సగం ఖాళీ ఉంచండి. కొండ కింద ఊళ్ళో వేరే డీజిల్ అమ్ముతారు, అది నింపుకోండి. ఇక్కడిది మంచులో కొబ్బరినూనెలా గడ్డకడుతుంది. పొద్దున బండి లేవదు" అంది.

నాన్న తల ఊపబోయి తాతయ్య ముఖం చూసి ఆగిపోయారు.

"మా బండి సగం ట్యాంకుతో గడప దాటదమ్మా," అన్నారు తాతయ్య. "దారిలో ఎవడి బంకు దగ్గరా మేము నిలబడం."

ఆ సాయంత్రమే ఆయన నాన్నతో ట్యాంకు నింపించారు. అది చాలదని రెండు పెద్ద క్యాన్లలో కూడా డీజిల్ పట్టించారు. ఇక్కడ డీజిల్ క్యాన్లన్నీ పసుపు రంగువే. మా వాటికి తాతయ్య కుంకుమ బొట్లు పెట్టి గ్యారేజీలో ఒక మూల ఉంచారు. ముల్లు సగానికి దగ్గరపడగానే దారిలో తన చేత్తో తానే పోస్తానన్నారు.

మర్నాడు అక్క కంచె దగ్గర బట్టలు ఆరేస్తూ, "ఏమే, మీ తాతకు అంత మొండితనం ఎందుకు?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఆయనది మొండితనం కాదని చెప్పాలనిపించింది. చెప్పేశాను. బజారు, అరుగులు, కారు తోసిన సంగతి, అంతా. చెబుతూనే భయం వేసింది. అక్క నవ్వలేదు. చేతిలోని తడి దుప్పటిని మళ్ళీ బుట్టలో పడేసింది. "ఆ కొండ మీద బండి ఆగిపోతే ఈసారి బతకడు మీ తాత" అని మాత్రం అంది.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం తాతయ్య నిద్రలో ఉన్నారు. కొండల నుంచి తిరిగి వచ్చిన అక్క తన లారీలోంచి, కొండ కింది ఊళ్ళో డీజిల్ నింపిన రెండు పసుపు క్యాన్లు దింపి మా గ్యారేజీకి మోసుకొచ్చింది. మా క్యాన్లు తీసి, వాటి స్థానంలో అవి పెట్టింది. "కుంకుమ తే" అంది గుసగుసగా. నేను దేవుడి గూట్లోంచి భరిణె తెచ్చాను. బొట్లు నేనే పెట్టాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఆయనకు తెలియకూడదు. తెలిస్తే నేను చేసిందంతా వ్యర్థం" అంది.

కొండ కింద ఊరు వచ్చేసరికి ముల్లు సగానికి దగ్గరపడింది. తక్కిన రెండు కార్లు బంకులోకి తిరగబోతే తాతయ్య చెయ్యి ఊపి ఆపారు. డీజిల్ బండి ఉన్న రెండో కుటుంబం పెద్దాయన, మా తాతయ్య మాట కాదనలేక, పొద్దున నగరంలో నింపిందే చాల్లెమ్మని ముందుకు సాగిపోయాడు. మూడోది పెట్రోలు కారు. దానికి ఆ బెడద లేదు. తాతయ్య రోడ్డు పక్కన బండి ఆపించి, నల్లకోటు చేతులు పైకి మడిచి, రెండు క్యాన్లూ తానే ఎత్తి పోశారు. ఆయన చేతుల నరాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ చేతులే ఒకప్పుడు ఊరంతా చూస్తుండగా కారు తోశాయని అనుకుంటూ చూశాను.

మర్నాడు పొద్దున కొండంతా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. రెండో కుటుంబం బండి లేవలేదు. తాళం తిప్పిన కొద్దీ దగ్గి దగ్గి చచ్చిపోయేది. నాన్న మా బండిలో కూర్చున్నారు. తాతయ్య పక్కన నిలబడ్డారు. ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. అది చలి వల్ల కాదని నాకు తెలుసు. నాన్న తాళం తిప్పారు. బండి ఒక్కసారికే లేచింది. తాతయ్య కళ్ళు మూసుకున్నారు. ముప్పై ఏళ్ళ నాటి బజారు ఆ క్షణంలో ఆయన వెనక నుంచి వెళ్ళిపోయినట్టు అనిపించింది నాకు.

అది అక్కడితో ఆగితే బాగుండేది.

ఎండెక్కాక రెండో కుటుంబం బండి కూడా లేచింది. తిరిగి వచ్చిన సాయంత్రం అందరూ మా ఇంట్లో టీలకు చేరారు. గొలుసులు ఎలా పనిచేశాయో కనుక్కుందామని అక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. తాతయ్య ఎంతో హుషారుగా ఉన్నారు. "రామ్మా, సగం ట్యాంకు! నీ మాట వినుంటే, వీళ్ళ సగం ట్యాంకు బండిలా ఈపాటికి కొండ మీదే బిగుసుకుపోయేవాళ్ళం. ఎంతైనా కూలి బుద్ధి సగంలోనే ఆగిపోతుంది" అన్నారు. గదంతా గొల్లున నవ్వింది.

అక్క ముఖంలో ఏమీ మారలేదు. "అవునయ్యగారూ, మీరు పెద్దవారు. మీకు తెలిసినంత మాకేం తెలుసు?" అంది. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా కొద్దిగా ఆడించింది. చెప్పవద్దని. టీ తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది వాళ్ళు దేశానికి ఉత్తరపు కొసన డార్విన్ వైపు వెళ్ళిపోయారు. తాతయ్య చివరిదాకా ఆ కొండ కథ చెప్పుకుని మురిశారు. తలెత్తుకునే పోయారు. ఒక మనిషి తల వంచకుండా అతన్ని కాపాడటం ఎలాగో నేను మా దివాణం కథల్లో వినలేదు. ఆ గ్యారేజీలో చూశాను. ఎవరికైనా సాయం చేయాల్సి వస్తే ఈనాటికీ, వాళ్ళకు తెలియకుండా చేసే దారి ఉందేమోనని ముందు వెతుకుతాను.

అక్క వద్దంది కాబట్టి ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె నా వైపు చూసి తల ఆడించేసరికే గది నవ్వుతోంది, దానితోపాటు నేనూ నవ్వుతున్నాను. ఆ గదిలోని వాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ నవ్వులు నాకు గుర్తు లేవు. నా నవ్వు మాత్రం వినబడుతూనే ఉంటుంది.