తీగ తీసిన అయిదు రోజులు

నేను అలారాలు బిగిస్తానని చెబితే చాలామంది దొంగల అలారాలనుకుంటారు. కాదు, మంటలవి అంటే వాళ్ళ ఆసక్తి కొంచెం తగ్గుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఒక చిన్న కంపెనీలో ఇదే పని. ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్ళు, గుడిమల్కాపూర్ వైపు గోదాములు. పైకప్పుకు పొగను పసిగట్టే తెల్లటి బిళ్ళలు బిగించడం, గోడకు ప్యానెల్ పెట్టడం, హూటర్ మోగించి చూపించి సంతకం తీసుకుని రావడం. ఊళ్ళో ఇన్ని చోట్ల బిగించినా నేనుండే ఇంట్లో మాత్రం చాలాకాలం ఏమీ లేదు.

లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న ఇల్లు సన్నటిది, ఎత్తుది. కింద పరుపులు, రజాయిలు కుట్టే దుకాణం. దాని పక్కనుంచే మెట్లు. మొదటి అంతస్తులో ఇంటాయన, ఆయన అక్క. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆమెకు మోకాళ్ళు పోయాయి, కుర్చీలోంచి మంచానికి కూడా ఒకరు పట్టుకుంటేనే. రెండో అంతస్తులో నేను, నా భార్య. మూడో అంతస్తులో ఒక యువజంట. ఇద్దరికీ పుట్టుకతోనే వినబడదు. అతను ప్రింటింగ్ ప్రెస్సులో పని చేసేవాడు. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుట్టేది.

వెనక గల్లీలో ఒక ఇంట్లో మీటరు అంటుకుని మెట్లన్నీ కాలిపోయాయి. మర్నాడు ఇంటాయన నన్ను పిలిచాడు.

"తమ్మీ, ఊరందరికి పెడ్తవ్. మన ఇంటికెందుకు పెట్టవు?"

"మీరు అడగలే సార్."

"గిప్పుడు అడుగుతున్న."

ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తి చేశాను. మెట్ల మీద అంతస్తుకొక పొగ బిళ్ళ, దుకాణంలో ఒకటి, రెండు చోట్ల హూటర్లు, మొదటి అంతస్తులో ఇంటాయన గుమ్మం పక్కన ప్యానెల్. హూటర్ మోగించి చూపిస్తే ఇంటాయన అక్క చెవులు మూసుకుని, "చచ్చినోళ్ళు గూడ లేస్తరు బిడ్డా," అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

మొదటి రెండు నెలలు అది ఊరికే మోగింది. ఎవరింట్లోనో మిరపకాయలు వేగినా, సాంబ్రాణి వేసినా మోగేది. అన్నిటికంటే ఎక్కువగా దుకాణం నుంచి. పాత పరుపుల్లోని దూదిని ఏకే మిషను ఆడినప్పుడల్లా ధూళి లేచేది. పొగ బిళ్ళకు ధూళికీ పొగకూ తేడా తెలియదు. ఆ సంగతి నాకు తెలిసీ, సంచిలో అదే ఉందని అదే బిగించాను. దుకాణం భాయ్ ఓపికున్నవాడు. నాలుగోసారి మాత్రం మెట్లెక్కి వచ్చాడు.

"అన్నా, నీ డబ్బా నా మిషన్ కంటె ఎక్కువ లొల్లి చేస్తుంది. గిరాకీలు పరుపు కిందేసి ఉరుకుతున్నరు."

నేను వెళ్ళి దుకాణంలో పొగ బిళ్ళ తీసేసి, వేడికి మాత్రమే పలికేది పెట్టాను. ఆ రకం ఊరికే మోగదు. కాకపోతే మంట కొంత ముదిరాకే పలుకుతుంది.

అలా మోగిన ఒక రోజున అందరం రోడ్డు మీద నిలబడి ఉన్నాం. తలెత్తి చూస్తే డాబా మీద మూడో అంతస్తు ఆమె బట్టలారేస్తూ కనబడింది. చేతిలో తడిచీర పట్టుకుని పిట్టగోడ మీంచి మమ్మల్ని చూస్తోంది. తర్వాత కిందికి వచ్చి నోటుబుక్కు తెరిచి నాకు చూపించింది. సైగలు తెలియని వాళ్ళతో ఆమె అలాగే మాట్లాడేది.

"అందరు రోడ్డు మీద ఎందుకు ఉన్నారు? ఎవరు చనిపోయారు?"

"ఎవరూ చనిపోలేదు. అలారం మోగింది," అని రాశాను.

ఆమె చదివి, కింద రాసింది: "నాకు ఎవరు చెప్పాలి?"

ఇరవై ఏళ్ళలో ఎన్ని భవనాల్లో హూటర్లు బిగించానో లెక్క లేదు. వినబడని వాళ్ళు అక్కడ ఉన్నారా అని ఒక్కచోట కూడా అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు. నోటుబుక్కు అందుకుని, "రేపు లైటు పెడతాను," అని రాసిచ్చాను.

అలారం పలికినప్పుడు టపటపా వెలిగి ఆరే లైట్లు మా దగ్గర ఉంటాయి. పెద్ద పెద్ద మిషన్ల చప్పుడుండే ఫ్యాక్టరీల్లో పెడతాం. వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి పెట్టాను. ఆమె నాతో పరీక్ష చేయించుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. పొయ్యి ముందు నిలబడి ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, కుట్టుమిషను దగ్గర కూర్చుని ఒకసారి. మిషను దగ్గర కూర్చుంటే వంటింటి లైటు వెనక పడుతుంది. తల అడ్డంగా ఊపింది. దాన్ని విప్పి మిషనుకు ఎదురుగోడకు మార్చాను. అప్పుడు సరేనంది.

ఆమెకు ఇంకో ప్రశ్న కూడా ఉంది. "లైటు వస్తే ఏం చేయాలి?"

అందరికీ చెప్పేదే రాశాను. మెట్లు దిగి రోడ్డు మీదికి రావాలి.

"కింద మంట ఉంటే?"

అప్పుడు ఆ ఇంటిని మళ్ళీ చూశాను. మెట్లు దిగేది దూది దుకాణం పక్కకే. వేరే దారి లేదు. ఇద్దరం డాబా మీదికి వెళ్ళాం. పక్కింటి డాబాకూ మా డాబాకూ మధ్య నడుమెత్తు గోడ. దాటొచ్చు. డాబా తలుపును ఇంటాయన పొద్దున బట్టలారేయడానికి తీసి, సాయంత్రం తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకునేవాడు. ఆయనతో మాట్లాడి ఆమెకు ఇప్పించాను. ఆమె దాన్ని మిషను పక్కన మేకుకు తగిలించింది.

నెలకొకసారి నేను అలారం పరీక్షించేవాణ్ణి. హూటర్ మోగితే ఇంటాయన లోపలినుంచే "అయిందా?" అని అరిచేవాడు. నా భార్య టీవీ సౌండు పెంచేది. మూడో అంతస్తు ఆమె ప్రతిసారీ దిగి వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడేది. పరీక్షేనని బొటనవేలు చూపిస్తేనే పైకి వెళ్ళేది. ఆమె ఒక్కసారి కూడా రాకుండా ఉండలేదు. మాకెవరికీ అది గొప్పగా తోచలేదు. కొత్తది కదా, పోను పోను అలవాటవుతుంది అనుకున్నాం.

తర్వాతి ఆషాఢంలో బోనాలు వచ్చాయి. ఆ రోజుల్లో మా వైపు ప్రతి ఇంట్లోనూ గుగ్గిలం, సాంబ్రాణి పొగ. ఇంటికి చుట్టాలు. శనివారం సాయంత్రం గంటలో మూడుసార్లు మోగింది. మా బావమరిది భార్య చంటిపిల్లను ఎత్తుకుని మూడుసార్లు మెట్లు దిగింది. నేను ప్యానెల్ తెరిచి హూటర్ల తీగ ఊడదీశాను.

నా భార్య చూసింది. "మళ్ళ ఎప్పుడు పెడ్తవ్?"

"సోమారం, జాతర అయిపోంగనే."

తీగ తీస్తే ప్యానెల్ మీద పసుపు దీపం వెలుగుతుంది. ఏదో లోపముంది, చూడండి అని దానర్థం. సోమవారం ఊరేగింపు. మంగళవారం చుట్టాలు వెళ్ళిపోయారు, నాకు ఒళ్ళు నొప్పులు. బుధవారం డ్యూటీకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాను. ఆ మూడు రోజులూ మెట్లు ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆ పసుపు దీపాన్ని దాటుకునే నడిచాను.

గురువారం నాకు సెలవు, పండగకు ముందు వారం ఆదివారం చేసిన డ్యూటీకి బదులు. మధ్యాహ్నం అన్నం తింటున్నాను. కూలర్ తిరుగుతోంది. తలుపు మీద దబదబా దెబ్బలు. నా భార్య తీసింది. మూడో అంతస్తు ఆమె, చేతిలో చపాతీల కర్ర. రెండో చేతి వేళ్ళు మూసి తెరిచి, మూసి తెరిచి చూపించింది. లైటు.

మళ్ళీ సాంబ్రాణేననుకున్నాను. హూటర్లు తీసేసినా లైట్ల తీగ వేరు కాబట్టి అవి పనిచేస్తూనే ఉన్నాయి. ఎంగిలిచెయ్యి ఊపి ఏం లేదని సైగ చేశాను. ఆమె కదలలేదు. లోపలికి వచ్చి నా మణికట్టు పట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్ళింది.

అక్కడ వాసన తెలిసింది. ఆర్పిన వత్తి వాసన, కాని వెయ్యి వత్తులు ఒక్కసారి ఆర్పినట్టు. కింద మలుపులో బూడిదరంగు పొగ పైకప్పును పట్టుకుని పాకుతోంది.

నా భార్యను ఫైరింజనుకు ఫోన్ చెయ్యమని, పైకి పొమ్మని చెప్పి కిందికి పరుగెత్తాను. ఇంటాయన అప్పుడే తలుపు తీసి దగ్గుతున్నాడు.

"తమ్మీ, ఏంది గిది? మోగనే లేదేంది?"

"అక్కను తీద్దాం సార్, ముందు అక్కను."

ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కుర్చీతో సహా ఇద్దరం ఎత్తాం. ఇంటాయనకు కిందికి దిగాలనుంది. మూడో అంతస్తు ఆమె రెండు మెట్ల పైన నిలబడి, కర్ర అడ్డంపెట్టి, పైకి చూపించింది. అప్పటికే రెండు తువ్వాళ్ళు తడిపి తెచ్చింది. ఒకటి ఇంటాయన అక్క ముఖానికి చుట్టింది. నేను ఇంటాయనతో, "ఆమె చెప్పినట్టే సార్," అన్నాను. రెండో అంతస్తు దాటేసరికి కుర్చీ నావైపు ఒరిగింది. మూడో అంతస్తు ఆమె మా వెనక్కి వచ్చి కుర్చీ కాళ్ళు పట్టుకుంది. డాబా తలుపు అప్పటికే తీసి ఉంది. పక్కింటివాళ్ళు చేతులందించారు. పిట్టగోడ మీంచి కుర్చీని దాటిస్తుంటే ఇంటాయన అక్క తువ్వాలు లోపలినుంచి, "నా అద్దాలు మంచం మీద ఉన్నయి," అంది.

దుకాణంలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఎవరో తిరిగి ఏకమని ఇచ్చిన పాత పరుపులో ఇనప ముక్క ఏదో ఉంది. మిషను దానికి తగిలి నిప్పురవ్వ లేచింది. భాయ్‌కి కనబడలేదు. మిషను ఆపి, షట్టర్ సగం దించి నమాజుకు వెళ్ళాడు. దూది మంట మొదట కనబడదు. లోపల్లోపలే పాకుతుంది. దుకాణంలోని వేడి బిళ్ళకంటే ముందే మెట్ల మీది పొగ బిళ్ళ పలికింది.

ఫైరింజను గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. పైపు చేతులమీద లాక్కొచ్చారు. వాళ్ళకంటే ముందే భాయ్ పరుగెత్తుకొచ్చి, పైన ఎవరైనా ఉండిపోయారేమోనని మా పేర్లు పిలుస్తూ, మంట ఆర్పడానికి షట్టర్ ఎత్తబోయాడు. ఇనుము కాలి ఉంది. రెండు అరచేతులూ దానికి అతుక్కుపోయాయి. ఆ రోజు తగిలిన గాయం అదొక్కటే. సాయంత్రం దాకా తడిసిన దూది రోడ్డు మీద ఆవిర్లు కక్కుతూనే ఉంది.

ఫైర్ ఆఫీసరు కాగితం పట్టుకుని వచ్చాడు. "బిల్డింగ్‌ల అలారం ఉందా? మోగిందా?"

ఇంటాయన నావైపు చూడకుండా, "ఉంది సార్, మోగింది," అన్నాడు. నన్ను కాపాడాలనుకున్నాడో, ఇంటి పరువు కాపాడాలనుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

"మోగలే సార్," అన్నాను. "వైర్ నేనే తీసిన. శనివారం."

ఆఫీసరు రాయడం ఆపాడు. "మీరేం జేస్తరు?"

"అలారాలు బిగిస్తా సార్."

 అతను తలవంచి అది కూడా రాసుకున్నాడు. తిడితే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి మేం పక్కింట్లో పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే నేను ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. మసి పట్టింది కాని లోపల బాగానే ఉంది. తీగ కలపడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత మూడో అంతస్తుకు వెళ్ళాను. ఆమె భర్త కూడా ఇంట్లోనే ఉన్నాడు. నోటుబుక్కు తీసుకుని జరిగింది రాశాను. హూటర్ మోగలేదు, తీగ నేనే తీశాను, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. ఇద్దరూ కలిసి చదివారు. అతను ఆమెకు చేతులతో ఏదో వేగంగా చెప్పాడు. కోపమని అర్థమైంది. ఆమె అతని మోచెయ్యి మీద చెయ్యి వేసి, నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"హూటర్ మోగింది, మీరు వస్తున్నారు అనుకున్నాను. మీరు తలుపు తీయలేదు. అందుకే కొట్టాను. ఇంకోసారి తీస్తే నాకు చెప్పండి."

సరేనని రాయబోయి, ఇంకోసారి తీయనని రాశాను. ఆమె ఆ మాటను కొట్టేసి, పక్కన మళ్ళీ అదే రాసింది. "తీస్తే చెప్పండి."

ఇంటాయన నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు. ఆయన అక్క మాత్రం ఆ రోజునుంచి ఇంట్లో ఏది వండినా గిన్నెలో పెట్టి మూడో అంతస్తుకు పంపేది. ఏడాది తిరక్కుండానే ఆ దంపతులు ప్రెస్సుకు దగ్గరగా ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు కొత్త భవనానికి వెళ్తే ముందు ఎవరెవరుంటారో అడుగుతాను. వినబడనివాళ్ళు, నడవలేనివాళ్ళు. కొందరు వింతగా చూస్తారు. జనాభా లెక్కలవాడివా అని ఒకాయన అడిగాడు.

భాయ్ దుకాణం దబీర్‌పురా స్టేషను దగ్గర ఒక రేకుల షెడ్డుకు మారింది. పైన ఎవరూ ఉండరు. అక్కడ అలారం నేనే బిగించాను. అరచేతుల చర్మం బిగుసుకుపోయి ఆయన పిడికిలి పూర్తిగా మూసుకోదు. ఒకసారి పరుపు కొనడానికి వెళ్ళాను.

"దూది మంచిదేనా భాయ్?"

"నాకేం తెలుస్తది అన్నా," అన్నాడు మామూలుగా. "చేతికి తెలుస్తలేదిప్పుడు. బీబీనే ఒత్తి చూస్తది."

లోపలినుంచి ఆయన భార్య వచ్చింది. రెండు దూది కుప్పల్లో చెయ్యి పెట్టి పిసికి చూసి, ఎడమవైపు దాన్ని తూకానికి వేసింది.