నేను పారేసిన నాలుగు ట్యూబులు

మా అవ్వకు ఈగ కంటబడితే ఒళ్ళు మండిపోయేది. ఆవని దగ్గర మా పల్లెలో చాలా ఇళ్ళలో పట్టుపురుగులు సాకేవాళ్ళు, మా ఇంట్లోనూ అదే పని. ఊజీ ఈగ ఒక్కటి పురుగులింట్లోకి దూరిందంటే చాలు, పురుగు వీపు మీద గుడ్డు పెట్టి పోతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల పట్టుపురుగును లోపలినుంచి తినేస్తుంది. అందుకే మా ఇంట కిటికీలకు తెరలు, వాకిలికి తెర, ఆ తెర ఎత్తిపట్టుకుని నిలబడి మాట్లాడేవాళ్ళకు అవ్వ తిట్లు. అలాంటి ఇంట పుట్టి, ఇన్నేళ్ళు చదివి, చివరికి నేను ఈగలు పెంచే పనిలో చేరాను.

"ఏమ్మే, ఈగలు సాకేదానికా బెంగుళూరు దాకా పోయి చదివేది? మనింట్లో ఉండేవి చాల్లేదా?" అంది అవ్వ.

అవి ఊజీ ఈగలు కావనీ, బాగా మాగిన మామిడిపండు మీద ముసిరే నలుసంత ఈగలనీ, వాటి నరాలు పనిచేసే తీరు చూస్తే మన నరాల సంగతి కూడా కొంత తెలుస్తుందనీ చెప్పాను. అవ్వ అంతా విని, "యా ఈగైతే ఏమి, తెర మాత్రం బిగించి కట్టుకో" అని లేచిపోయింది.

ఇప్పుడు నాకంటూ ఒక ల్యాబ్ ఉంది, విద్యార్థులు ఉన్నారు. కాలేజీలకు పిలిచి మాట్లాడమంటారు. నరాలనూ జన్యువులనూ కలిపి చదివే ఈ దారిలోకి ఎలా వచ్చారని పిల్లలు అడుగుతారు. చిన్నప్పటినుంచీ ఆసక్తి, అదీ ఇదీ అని ఏదో చెప్పి దాటేస్తాను. ఉన్నమాట చెప్పాలంటే, మొదటి ఏడాదే నన్ను గెంటేయాల్సింది. గెంటేయనివాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళకు మొక్కుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఏడాది నాకు హాస్టల్లో గది దొరకలేదు. బంగారు గనుల పక్కన ఆండర్సన్‌పేటలో మా పిన్నమ్మ ఇంట్లో ఉండి, రోజూ పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయేదాన్ని. మా ల్యాబులో ఈగలకు మేత వండే పెద్దమ్మ కూడా అదే రైల్లో వచ్చేది. ఆమె ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. నాకంటే ముందే స్టేషన్‌కు పోయి, పక్క సీటు మీద టవలు పరిచి నా కోసం పట్టి పెట్టేది. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, గడ్డకట్టడానికి అగర్ పొడి వేసి పెద్ద డేగిసాలో సంకటి కెలికినట్టు కెలికి, వేడి మీదనే వందల గాజు ట్యూబుల్లో పోయడం ఆమె పని. వాడేసిన ట్యూబులను ఉడకబెట్టి కడగడం కూడా ఆమె పనే. అలా ఉడకబెట్టకపోతే లోపలి పురుగులు చావవు, ఈగలై ల్యాబంతా ఎగురుతాయి.

నాకు పని నేర్పింది ఒక సీనియర్ అక్క. నరాల్లో ఏదో లోపం ఉండి మందకొడిగా పెరిగే ఈగల కోసం ఆమె మూడేళ్ళుగా వెతుకుతూ ఉండేది. మూడేళ్ళంటే మాటలా! ఉదయం నుంచి సాయంత్రం దాకా ట్యూబు తర్వాత ట్యూబు వెలుతురుకు పట్టి చూడటమే. అప్పటికి ఆమె నిండు నెలలతో ఉంది. ఒకరోజు మధ్యాహ్నం అనుకున్నదానికంటే ముందే నొప్పులు మొదలయ్యాయి. కారెక్కుతూ ఎక్కుతూ తన ట్యూబుల ట్రే, నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది.

"వీటిని కొత్త మేతలోకి మారుస్తా ఉండు. ఏది ఏమిటో అంతా రాసి పెట్టాను, చదువుకో" అని చెప్పి వెళ్ళిపోయింది. అట్నుంచి అటే పుట్టింటికి.

నేను చదవలేదు. పురుగులు సాకే ఇంట పుట్టినదాన్ని, పురుగుల సంగతి నాకొకరు రాసిపెట్టాలా అని పొగరు.

ఆ శుక్రవారం ట్యూబులు మార్చడానికి కూర్చున్నాను. ట్రేలో నలభై దాకా ఉన్నాయి. అన్నిట్లో పురుగులు బలిసి గాజు గోడల మీదికి పాకుతున్నాయి. మూడో వరస చివరి నాలుగు ట్యూబుల్లో మాత్రం సన్నగా, ఒక రోజు వెనకబడి, మేతలోనే నెమ్మదిగా కదులుతున్నాయి. చూడగానే నా చెయ్యి దానంతట అదే పోయింది. మా పురుగులింట్లో ఇది పెద్ద కట్టుబాటు. పట్టుపురుగు పొర విడిచే రోజులను మా వైపు జ్వరం అంటారు. జ్వరం విడిచాక తోటి పురుగులన్నీ ఆకు మీద పడి తింటుంటే ఏది వెనకబడి ఉంటుందో అది రోగపు పురుగు. దాన్ని వెంటనే ఏరి సున్నమూ బ్లీచింగూ కలిపిన నీళ్ళలో వేసి, ఆపైన దూరంగా పూడ్చిపెట్టాలి. జాలిపడి ఒక్కదాన్ని ఉంచినా తట్టంతా పోతుంది. నాకు ఆరేడేళ్ళు వచ్చేసరికే అవ్వ నా చేత ఏరించేది.

ఆ నాలుగు ట్యూబులనూ, కడగాల్సినవాటిని నానబెట్టే నీళ్ళ తొట్టెలో పడేశాను. ట్రే తుడిచాను, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. అక్క తిరిగొచ్చి చూస్తే తన ట్యూబులన్నీ ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో అని మురిసిపోతుందనుకుంటూ రైలెక్కాను. ఆ రోజు పెద్దమ్మ పని పూర్తికాక తర్వాతి రైలుకు వచ్చింది.

శనివారం ల్యాబుకు సెలవు. సాయంత్రం పిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ఏమీ తోచక అక్క నోట్‌బుక్ తెరిచాను. చివరి పేజీలో ఉంది: "మూడో వరస చివరి నాలుగు ట్యూబులు. మూడు తరాలుగా చూస్తున్నాను, ప్రతిసారీ ఒక రోజు ఆలస్యం. మనం వెతుకుతున్నది ఇదేననుకుంటున్నాను. రెండో కాపీ ఇంకా పెట్టలేదు. జాగ్రత్త."

ఏ ఈగలనైనా రెండు చోట్ల ఉంచడం మా ల్యాబు పద్ధతి. ఒకచోట పోయినా ఇంకోచోట మిగులుతాయని. ఇక్కడ ఆ రెండోది లేదు. మూడేళ్ళ కష్టం, ఆమె డాక్టరేటు, అన్నీ ఆ నాలుగు ట్యూబుల్లోనే ఉన్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను.

"పెద్దమ్మా, నిన్న తొట్టెలో ఉండే ట్యూబులు..."

"అన్నీ ఉడకబెట్టి కడిగేసినాను గదమ్మా. ఏమైంది?"

వాకిట్లోనే కూలబడి బోరుమన్నాను. ఏం చేశానో అంతా చెప్పాను. ఆమె నా పక్కన కూర్చుని వింది.

"అయ్యో, ఏడవొద్దుమే, ఉండు. అన్నీ అంటే అన్నీ కాదు. తక్కినవాట్లో నీళ్ళు దూరి పురుగులు చచ్చినాయి, ఒగ ట్యూబులో ఇంగా కదల్తా ఉండాది. దాన్ని ఉడకబెట్టేదానికి చెయ్యి రాలే. సోమవారం నిన్ను అడుగుదామని ల్యాబు వంటగదిలో అగర్ డబ్బా ఎనకాల పెట్టినాను."

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. కానీ సోమవారం దాకా అది ఉంటుందా? మేత అప్పటికే పాతబడి ఎండిపోతోంది, పైగా వంటగది నిండా చక్కెర, చీమలు. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. మర్నాడు ఆదివారం ఆవని గుడిలో ఆమె మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు, ఇంటినిండా చుట్టాలు. ఎలా అడగను?

నేను అడగలేదు. ఆమే, "పొద్దున బండికి పోదాం. స్టేషన్‌కు వచ్చెయ్" అంది.

లోపలినుంచి ఆమె కూతురు గయ్యిమంది. "ఏం మా, ఈగ కోసరం మనవరాలి చెవులు కుట్టేది ఇడిసిపెట్టి పోతావా?"

"కుట్టేది ఆచారి. ఒళ్ళో కూర్చోబెట్టుకునేది మేనమామ. నాకేం పని ఆడ?" అంది పెద్దమ్మ.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం రైలెక్కాం. ఆమె ఇంట్లో పండగకు చేసిన వడలు పొట్లం కట్టి తెచ్చింది. నేను ముట్టలేదు. వంటగది తెరిచేసరికి అగర్ డబ్బా చుట్టూ చీమల బారు కనబడింది. ట్యూబు తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టాను. దూది గట్టిగానే ఉంది. లోపల పురుగులు చాలావరకు చచ్చిపోయాయి. గాజు గోడకు అంటుకుని, పురుగు ఈగయ్యే ముందు కట్టుకునే గూళ్ళు రెండు, గోధుమ రంగులో, నువ్వుగింజంత ఉన్నాయి. ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, చీమలు రాకుండా దాని మధ్యలో ట్యూబును నిలబెట్టాను. పెద్దమ్మ కొంగుతో నా మొహం తుడిచి, వడ విరిచి నోట్లో పెట్టింది.

సోమవారం మా ల్యాబు నడిపే సారు గదిలోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టినా బాగుండేది. ఆయన, "అవి వెనకబడ్డాయని నీకు ఎలా తెలిసింది?" అన్నారు.

"చూస్తే తెలిసింది సార్."

"ఒక్కసారి చూస్తేనా?"

"అవును సార్."

ఆయన లేచి వెళ్ళి, వేరే రకాల ఈగలవి, చీటీలు పీకేసిన ఇరవై ట్యూబులు తెచ్చి నా ముందు పెట్టారు. వీటిలో మందకొడివి ఏరమన్నారు. అప్పటికే చచ్చి బతికి ఉన్నాను, ఇంకేం భయం! ఏరాను. ఒక్కటీ తప్పు పోలేదు. "ఆ నాలుగు ట్యూబులు వెనకబడ్డాయని ఖాయం చేసుకోవడానికి మీ అక్కకు మూడు తరాలు పట్టింది" అన్నారు సారు. ఆపైన, "ఆమె బాలింత. ఇప్పుడు చెప్పొద్దు. వచ్చాక నువ్వే చెప్పు. ఇకమీదట పారేయాలనిపించిన ప్రతి ట్యూబునూ నా బల్ల మీద పెట్టు" అన్నారు. నా ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. అవ్వ ఏరి పారేయమన్న కన్నుతోనే నేను ఏరి దాచుకుంటూ వచ్చాను. ఆ కన్ను ఇచ్చినందుకు అవ్వకూ, దాన్ని ఎటు తిప్పాలో చెప్పినందుకు సారుకూ నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

రెండు గూళ్ళలో ఒకటి నల్లబడిపోయింది. రెండోదాంట్లోంచి బుధవారం ఒక ఆడ ఈగ వచ్చింది. దానికి మామూలు మగ ఈగను జతచేశాం. గుడ్లు పెట్టింది. వాటి పిల్లలు ఒక్కటి కూడా వెనకబడకుండా చలాకీగా పెరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. లోపం ఒక తరంలో దాగి తర్వాతి తరంలో బయటపడుతుందని పుస్తకంలో నేనూ చదివాను, పరీక్షలోనూ రాశాను. అయినా నమ్మకం చిక్కలేదు. ఆ పిల్లలను వాటిలో వాటికే జతచేసి, మళ్ళీ కాచుక్కూర్చున్నాను. ఈసారి నాలుగింట ఒకటి సన్నగా, ఒక రోజు వెనకబడి, నెమ్మదిగా కదిలింది. ఆ మందకొడి పురుగులను చూసి నేను వేసిన కేకకు పక్క ల్యాబువాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

మూడు నెలల బిడ్డను చంకనేసుకుని అక్క తిరిగొచ్చింది. ఆ రోజే చెప్పేశాను. ట్యూబులు ఇప్పుడు రెండు చోట్ల క్షేమంగా ఉన్నాయని కూడా చెప్పాను.

"నోట్‌బుక్ తెరవనే లేదా?" అంది.

"లేదక్కా."

అంతే, ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే గోడను చూసినట్టు చూసేది. ల్యాబులో ఉండనా, మానేసి ఊరికి పోయి పురుగులే సాకుకోనా అని రైల్లో రోజూ అనుకునేదాన్ని.

తొమ్మిదో రోజు మేత కోసం వంటగదికి పోతే అక్క అక్కడే ఉంది, బిడ్డను ఎత్తుకుని. పెద్దమ్మ డేగిసా ముందు నిలబడి మేత కెలుకుతోంది. నేను వాకిట్లోనే ఆగిపోయాను.

"రోజూ వందల ట్యూబులు ఉడకబెడతావు గదా పెద్దమ్మా, దాన్ని మాత్రం ఎందుకు పక్కన పెట్టావు?" అని అడుగుతోంది అక్క.

పెద్దమ్మ కెలకడం ఆపలేదు. "మా ఇంటాయన గనిలో ఉన్నప్పుడు ఒగసారి లోపల రాయి కూలిందమ్మా. రెండు దినాలు తవ్వినారు. ఇంగ ఎవురూ మిగల్లేదని అందరూ అనుకున్నారు. నేనూ గాజులు తీసేసేదానికి సిద్ధమైనాను. ఒగాయన మాత్రం బండకు చెవి పెట్టి ఇన్నాడు. లోపల ఇనుముతో ఎవురో తట్టినట్టు ఒగే ఒగ చప్పుడు. ఆయప్ప మాట మీద మళ్ళా తవ్వినారు. మూడో దినం ఈయన్ని బయటికి తీసినారు. నాకు బిడ్డ పుట్టింది దాని తర్వాతనే." గరిటె అంచుకు అంటిన మేతను గీకి డేగిసాలో వేసింది. "ట్యూబు ఎత్తి చూస్తే లోపల ఒగటి కదిలె. నేనేం చేసేది చెప్పు?"

అక్క బిడ్డను పెద్దమ్మ చేతుల్లో పెట్టి, గరిటె తాను అందుకుని, అడుగంటుతున్న మేతను గబగబా కెలికింది. తర్వాత వాకిలివైపు తిరిగి నన్ను చూసింది.

"నిలబడి చూస్తావేం, ఆ ట్యూబులు ఇటు తే."