తల నెరవడం వేరు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో గిద్దలూరు తాలూకాలో ఒక హైస్కూలుకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాను. అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లానే. అక్కడి సీనియర్ ఇంగ్లీషు అయ్యవారు చిన్నప్పుడు నాకు చదువు చెప్పినవారే. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన నాకు ఇంగ్లీషంటే భయం పోగొట్టింది ఆయనే.

ఆయనకు పాత మాటల పిచ్చి. మద్రాసు నుంచి తెప్పించుకున్న లావుపాటి నిఘంటువు ముందేసుకుని, ఆరేడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు గురించి చెప్పేవారు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నారు:

"చూడు నాయనా, తల నెరవడాన్ని వాళ్లు హోరెన్ అన్నారు. ముసలితనం రావడాన్ని ఎల్డెన్ అన్నారు. దేని మాట దానిదే. మనోళ్లేంది, తల నెరిస్తే చాలు, ముసిలోడైనాడంటారు."

నవ్వుతూనే అన్నారు. ఆయన తల మొత్తం తెలుపే. అది ఎప్పుడు తెల్లబడిందో నాకు తెలుసు. నేను రెండో ఫారంలో, అంటే ఏడో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో కలరా వచ్చి ఆయన భార్య, కూతురు ఒకే వారంలో పోయారు. సెలవులకు ముందు నల్లగా ఉన్న జుట్టు బడి తెరిచేసరికి నెరిసిపోయింది. అప్పుడాయనకు ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు.

నేను చేరిన రెండేళ్లకు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, అయ్యవారు వయసు తగ్గించి రాయించుకున్నారని. విచారణకు ఒక అధికారి వచ్చాడు. అయ్యవారు పుట్టింది పుల్లలచెరువు పక్క పల్లెలో. అక్కడి పుట్టుకల రికార్డును చెదలు తినేశాయి. అధికారి ఆయన తల వైపే చూస్తూ అడిగాడు.

"రిటైర్మెంటు వయసు యాభై అయిదు ఎప్పుడో దాటినట్లుంది గదయ్యా?"

"తల నెరిసింది గానీ నాకు వయసు మీరలేదు సార్. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది."

"సాక్ష్యం ఎవరన్నా ఉన్నారా?"

అయ్యవారు నన్ను చూపించారు. "ఈయన నా శిష్యుడు సార్. నా తల ఎప్పుడు, ఎట్ల నెరిసిందో కళ్లారా చూసినోడు. చెప్పు నాయనా."

ఆయన ఉద్యోగం పోతే ఆ సీనియర్ పోస్టు నాది. గదిలో ఉన్న ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

"చిన్నప్పటి మాట సార్. నాకు సరిగా గుర్తులేదు," అన్నాను.

అయ్యవారు కుర్చీ మీది కండువా తీసుకుని బయటికి నడిచారు. నెల తిరక్కుండానే ఆయన్ను ఇంటికి పంపించారు.

ఆ ఉత్తరం నేను రాయలేదు. ఎవరూ అడగకపోయినా ఆ మాట ఎందరికో చెప్పుకున్నాను.

మరుసటి ఏడు పెన్షన్ కాగితాల మీద సంతకం కోసం ఆయన బడికి వచ్చారు. హెడ్మాస్టరు సెలవులో ఉంటే ఇన్‌ఛార్జి నేనే. కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఏడాదికే నడుము వంగిపోయింది. కాగితం నా ముందు పెట్టారు.

"ఈడ సంతకం పెట్టండి సార్," అన్నారు నాతో.

పెట్టాను. ఒక్క మాట మాట్లాడదామని లేచేసరికి గేటు దాటి బస్సు వైపు పోతున్నారు. పరుగెత్తితే అందేవారే. ఇంతలో గంట కొట్టారు. నేను క్లాసుకు పోయాను.