చల్లారని బ్యారెల్

సుమారు పదేళ్ల కిందట, చలికాలం. ఉత్తర సరిహద్దులో ఒక కొండ పోస్టులో ఆర్మరర్‌గా ఉన్నాను. అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. నాది రాయచోటి. పోస్టులోని హెవీ మెషీన్ గన్ను నా పూచీ. సినిమాల్లో హీరో దాన్ని చంకన పెట్టుకుని పేలుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని విప్పి కొండెక్కించడానికే ముగ్గురు నలుగురు కావాలి. ముక్కాలి స్టాండు మీద బిగిస్తే గానీ అది మాట వినదు.

దానికి అసలు శత్రువు వేడి. ఆపకుండా పేలిస్తే బ్యారెల్ పెనంలా కాలుతుంది. అప్పుడు లోపల తూటా ఇరుక్కుంటే, ట్రిగ్గర్ నొక్కకపోయినా ఆ వేడికే పేలవచ్చు. దీన్ని కుక్-ఆఫ్ అంటారు. అందుకే చల్లారేదాకా పైమూత తెరవకూడదు, తూటాను లోపలికి తోసే బోల్టును వెనక్కి లాగకూడదు. గన్నర్లందరికీ ఈ రూలు నేనే నూరిపోసేవాణ్ణి.

మా గన్నరు ఓబులేసు, రాజంపేట వాడు. ఆ ఉదయం మా పెట్రోలింగ్ దళం కింద లోయలో కాల్పుల్లో చిక్కుకుంది. వాళ్లకు అండ ఈ గన్నొక్కటే. చాలాసేపు పేలి, తూటా ఇరుక్కుని ఆగిపోయింది.

"ముట్టుకోవద్దురా!" అని అరిచాను.

"కిందోళ్లు సస్తాండారన్నా," అంటూనే మూత తెరిచి బోల్టు లాగాడు.

సగం బయటికొచ్చిన తూటా వాడి ముఖం మీదే పేలింది. వాడూ పోయాడు, గన్నూ పనికిరాకుండా పోయింది. కిందివాళ్లు సాయంత్రానికి తమలో ఒకడి శవాన్ని మోసుకుంటూ ఎక్కి వచ్చారు.

సెలవులో ఓబులేసు వాళ్ల ఇంటికి వెళ్లాను. వాడి నాన్న క్వారీలో రాళ్లకు మందుపెట్టి పేల్చే మేస్త్రీ. ఆయన అడిగింది ఒక్కటే.

"తెలీక తెరిచినాడా, తెలిసే తెరిచినాడా?"

"తెలిసే తెరిచినాడు పెద్దాయనా."

ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"మందుపెట్టిన బొక్క పేలకపోతే దాని కాడికి పోగూడదప్పా. వానికి చిన్నప్పుడే చెప్పినా. ఒకతూరి అట్టాంటి బొక్క పక్కనే మా కూలోడు కాలిరిగి పడింటే, నేనే ఉరికి పోయి ఎత్తకొచ్చినా. అది పేలలే. ఊరంతా నన్ను మెచ్చుకున్యారు. ఆ పొద్దు మా ఓబులేసు గట్టు మీద నిలబడి చూస్తాండాడు."

ఓదార్చాలని వెళ్లినవాణ్ణి, తల దించుకున్నాను. ఆ తర్వాత సర్వీసంతా గన్నర్లకు ఆ రూలు చెబుతూనే వచ్చాను. చెబితే సరిపోతుందని మాత్రం మళ్లీ ఎప్పుడూ నమ్మలేదు.