రెండో కేసెట్టు అట్ట మీది దీపాలు

మా వసంతక్కను నేను ఒకసారి చంపాను. కంగారు పడకండి, ఆమె ఇప్పుడు నిక్షేపంగా పక్క గదిలో కూర్చుని మనవరాలికి జడ వేస్తోంది. కానీ ఆ రోజుల్లో నేను చేసిన నిర్వాకానికి చిత్తూరు ఊరు ఊరంతా ఆమె కోసం ఏడ్చింది. ఇంత ఘనకార్యం నేను ఒక్క సంతకంతో చేశాను.

కోయంబత్తూరులో మిల్లులు మూడు షిఫ్టులు నడిచే కాలం అది. సింగానల్లూరులో మా కాలనీ అంతా తెలుగు వాళ్ళమే. మా ముత్తాతల ముత్తాతలు ఎప్పుడు వచ్చారో వాళ్ళకే తెలియాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మిల్లులో రెండూ కలిపిన కిచిడీ. మాట్లాడమంటే తెల్లవార్లూ తెలుగు మాట్లాడతాం. చదవమంటే మాత్రం మా కాలనీలో ఒక్కరికీ ఒక్క అక్షరం రాదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

అక్కకు మిల్లులో నూలు చుట్టే వైండింగ్ సెక్షన్లో పని. సెలవు రోజుల్లో గిటారు, డ్రమ్ములతో స్టేజి మీద గంతులు వేస్తూ పాడేది. మొదటి కేసెట్టు తమిళంలో వచ్చి, టీ కొట్టు లేదు సైకిల్ షాపు లేదు, ఎక్కడ చూసినా అదే మోగింది. అది విని మద్రాసు కేసెట్ల కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. "రెండో కేసెట్టు మీ ఖర్చుతో మీరే వేసుకోండి. అది కూడా అమ్ముడైతే మూడోదానికి మా దగ్గర జీతం మీద చేరిపోండి. అమ్ముడుపోకపోతే మళ్ళీ మమ్మల్ని అడగొద్దు" అని తేల్చేశాడు. అక్కకు అదే ఆఖరి దారి. పత్తి దుమ్ముకు అప్పటికే గొంతులో జీర మొదలైంది. డాక్టరు "మిల్లు కావాలా, పాట కావాలా తేల్చుకోమ్మా" అని కూడా చెప్పాడు.

"రెండోది మన మాటలో పాడేద్దునా తంబీ? అవ్వకు అర్థమయ్యేటట్టు ఒకటన్నా పాడాల గదా" అంది అక్క.

"పాడక్కా! ఆంధ్రా మొత్తం మనదే. అట్ట పని నాకు వదిలేయి. తెలుగు అక్షరాలతో వేయిస్తాను."

"మనలో తెలుగు అక్షరం ఎవరికప్పా తెలిసేది?"

"నాకు తెలియదా ఏంది? తిరుపతికి రెండుసార్లు పోయి వస్తిని. బస్సు బోర్డులన్నీ చదివినది ఎవరు?"

చదివింది నేను కాదు, కండక్టరు. అతను అరిచిన ఊళ్ళ పేర్లు విని నేను తల ఊపాను, అంతే. కానీ అక్క ముందు అలా చెబుతామా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకుండానే పోయింది.

పాటలు రికార్డు అయ్యాక అక్క ఫోటో పట్టుకుని మదురై మీదుగా శివకాశి బస్సెక్కాను. అక్కడి ప్రెస్సుల్లో క్యాలెండర్లు, అగ్గిపెట్టె లేబుళ్ళు, పెళ్ళి పత్రికలు, ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ఇస్తారు. ప్రెస్సు ఆయన ఒక లావుపాటి నమూనాల పుస్తకం నా ముందు పడేశాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. చుట్టూ బంగారు అంచు, అటొక దీపం, ఇటొక దీపం, కింద మల్లెపూలు, మధ్యలో ఫోటో పెట్టుకోవడానికి కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ. పైన జాంగిరీలు చుట్టినట్టు పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. లక్ష్మీకళ ఉట్టిపడుతోంది!

"ఇదే కావాలి" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "మా తెలుగు కంపోజిటరు లీవులో ఉన్నాడు తంబీ. అచ్చు దిమ్మ తయారుగానే ఉంది గానీ ఏం రాసుందో ఇక్కడ ఎవరికీ తెలియదు. నువ్వు చదివి, సరిగ్గా ఉంది అని కింద సంతకం పెడితే వేసేస్తాను."

అక్కడైనా నోరు మూసుకుని రెండు రోజులు ఆగి ఉండొచ్చు. ఆగితే నేనెందుకవుతాను? కళ్ళు చిట్లించి, ఎడమ నుంచి కుడికి వేలు జరుపుతూ, మధ్యలో ఒకచోట చిరునవ్వు కూడా నవ్వాను.

"పైన 'మధుర గానాలు' అని ఉంది."

"కింద చిన్న అక్షరాలు?"

"అది... 'ఇట్లు, వాయిద్య బృందం' అని. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫోటో కింద పేరు మాత్రం ఇంగ్లీషులో కొట్టండి, ఫ్యాషన్‌గా ఉంటుంది."

సంతకం పెట్టాను. గీత కూడా గీశాను, రెండు చుక్కలతో.

కేసెట్లు పెట్టెల్లో దిగిన రోజు మా కాలనీ చూడాలి! అవ్వ ఆ అట్టను చేతిలోకి తీసుకుని అక్షరాల మీద వేళ్ళతో తడిమింది. "ఇవి మన అక్షరాలారా? ఇట్లా ఉండునా? ఎనభై ఏండ్లు మాట్లాడితిని, ఇప్పుడు కండ్లతో చూస్తిని" అని కళ్ళకు అద్దుకుంది. మామ మాత్రం "ఏం రాసుందిరా రంగా?" అని అడిగాడు. "మధుర గానాలు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

కోయంబత్తూరు షాపుల్లో మాత్రం ఒక్కటి కదల్లేదు. "ఎన్నప్పా ఇదు, ఏ భాష?" అని తిప్పి చూసి పక్కన పెట్టేశారు. అక్క ముఖం వాడిపోయింది. ఉదయం షిఫ్టుకు మళ్ళీ ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళింది. నాకు అన్నం సహించలేదు. మా మిల్లు నూలు మోసే లారీ డ్రైవరును బతిమాలి రెండు పెట్టెలు చిత్తూరులో ఒక కేసెట్ల షాపుకు పంపాను.

వారానికే ఇంగ్లీషులో తంతి వచ్చింది: అన్నీ అయిపోయాయి, ఇంకా పంపండి, చాలా బాధగా ఉంది.

"అంతా సరి, బాధ ఎందుకప్పా?" అంది అక్క.

"సరుకు లేదని బాధ అక్కా! కొనేవాళ్ళను ఊరికే పంపేస్తే అంగడి కడకారుడికి బాధ ఉండదా?"

ఇంకో నాలుగు పెట్టెలు పోయాయి. అవీ అయిపోయాయి. మళ్ళీ తంతి: ఆదివారం సంగీత సభ, కుటుంబం తప్పక రావాలి, భోజనాలు ఉన్నాయి.

"చూస్తివా, సన్మానం!" అన్నాను. అక్క పట్టుచీర కట్టింది. నేను కొత్త ప్యాంటు కుట్టించాను.

ఆదివారం పొద్దున్నే చిత్తూరులో దిగాం. షాపు ముందు షామియానా. అక్క ఫోటో నిలువెత్తు చేసి పెట్టారు. దానికి గంధపు దండ. ముందు రెండు దీపాలు, ఊదొత్తులు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తంబీ, నా ఫోటోకు దండ ఎందుకురా వేసిరి?"

"అయ్యో, అభిమానం అక్కా! మన పక్క సినిమా వాళ్ళ కటౌట్లకు పాలు పొయ్యరా? ఇక్కడ దండ వేస్తారు గాబోలు."

"ఆ మూలన ఆమె ఏడుస్తుంది గదరా."

"పాటలో అంత ఫీలింగ్ ఉంది!"

ఇంతలో షాపు ఓనరు రెడ్డిగారు బయటికొచ్చారు. అక్కను చూశారు. ఫోటోను చూశారు. మళ్ళీ అక్కను చూశారు. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు తన పంచె మీదే ఒంపుకున్నారు.

"ఓరి దేవుడా! నువ్వు సచ్చిపోయినావు గదమ్మా!"

"ఎవరయ్యా చెప్పింది?" అక్క గొంతు షామియానా దాటి వెళ్ళింది.

"మీరే గదమ్మా అచ్చేసి పంపించినారు!" ఆయన కేసెట్టు తీసి అట్ట మీద వేలు పెట్టి చదివారు. "కన్నీటి శ్రద్ధాంజలి. నీవు లేని లోటు తీరనిది. ఇట్లు, శోకతప్త కుటుంబ సభ్యులు."

నా వాయిద్య బృందం అదీ!

అక్క నా వైపు తిరిగింది. నేను అప్పటికే షామియానా గుంజ వెనక ఉన్నాను. రెడ్డిగారు మాత్రం వ్యాపారస్తుడు, ముందు ఆయనే తేరుకున్నారు. "పాపం, చిన్న వయసులోనే పోయిందే అని ఒక్కొక్కరూ రెండేసి కొన్యారమ్మా. నీకు దండం పెడతా, ఒక్క వారం బయటికి రావద్దు తల్లీ, ఈ పెట్టెలు అయిపోనీ!"

"నేను సచ్చినదాన్నా? చూడు!" అని అక్క చరచరా వెళ్ళి తన ఫోటో పక్కనే నిలబడి మైకు లాక్కుంది. ఏడుస్తున్న ఆమె కెవ్వుమంది. నలుగురు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. అక్క కోపంతో, గిటారు లేకుండా, డ్రమ్ము లేకుండా పాడింది. పారిపోయిన వాళ్ళు వీధి మలుపులో ఆగారు. ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. ఒక ముసలమ్మ ఆమె బుగ్గలు తడిమి, "వెచ్చగా ఉండావే తల్లీ!" అని ఏడ్చింది. అక్కా ఏడ్చింది. గుంజ వెనక నేనూ ఏడ్చాను, కాస్త భయంతో, కాస్త సిగ్గుతో.

డబ్బు వాపసు ఇమ్మని అడిగింది ఒక్కడే. వాణ్ణి జనమే తరిమారు. రెడ్డిగారు సాయంత్రానికల్లా మిగిలిన అట్టల మీద "బతికే ఉంది" అని చీటీలు అంటించారు. ఏడ్చి కొన్నవాళ్ళే నవ్వుతూ మళ్ళీ కొన్నారు. లెక్క విన్న మద్రాసు ఆయన మారు మాట్లాడకుండా అక్కను జీతం మీద చేర్చుకున్నాడు. ముక్కుకు కట్టుకునే గుడ్డను ఆమె మిల్లు గేటు బయటే పారేసి వచ్చింది.

అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం తిరుగు బస్సులో మాత్రం అక్క వేలూరు దాకా నాతో మాట్లాడలేదు. నేను వేరుశెనక్కాయలు కొనిచ్చాను. తిన్నది గానీ మాట్లాడలేదు. చివరికి నేనే గొణిగాను.

"అక్కా, మూడో కేసెట్టుకు అట్ట మారుద్దునా?"

"ఎందుకు మార్చేది? బాగానే అమ్ముడుపోయింది గదా, అదే ఉండనీ" అంది కిటికీలోంచి చూస్తూ. "ఫోటో మాత్రం నీది పెట్టుదాం తంబీ."

ఆ క్షణమే వేలూరు బస్టాండు సాక్షిగా, మిగిలిన వేరుశెనక్కాయల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: చదవలేని కాగితం కింద ఈ జన్మలో సంతకం పెట్టను. ఆ మరునాడే ఒక వాచకం తెప్పించుకుని అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. అందరూ 'అ' దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం 'శ్రద్ధాంజలి' దగ్గర మొదలుపెట్టాను, ఏ అట్ట మీద కనబడినా ముందు పారిపోవడానికి వీలుగా ఉంటుందని.