చుట్టాల పియానో

బహదూర్‌పురాలో మా ఇంటి పియానో ముందుగదిలో ఉంటుంది. అందుకే అది నాది తక్కువ, చుట్టాలది ఎక్కువ. ఎవరొచ్చినా చాయ్‌తో పాటు నా చేత ఒకే తేలిక పీస్ వాయింపించడం బాపుకు అలవాటు. రెండేళ్లుగా ఆ పీస్ వింటే నాకు పళ్లు నూరబుద్ధి అవుతోంది.

మొన్న చాలా కష్టమైన కొత్త పీస్ ఎంచుకున్నాను. చేతికి రావడానికి ఆరు నెలలైనా పడుతుందన్నాను.

"ఆర్నెల్లు తప్పులు వినిపిస్తవా? ఆదివారం మలక్‌పేట పెద్దమ్మోళ్లు వస్తున్రు. పాతదే వాయించు, ఇజ్జత్ తియ్యకు," అన్నాడు బాపు.

"వాళ్ల కోసం నేర్సుకుంటున్ననా బాపూ?"

"మరెవరి కోసం?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఒళ్లు మండింది.

ఆదివారం చాయ్ రాగానే పియానో ముందు కూర్చున్నాను. కొత్త పీస్‌ను మొదట ఎడమచేత్తో మాత్రమే సాధన చేయాలి. అదే వాయించాను, తప్పినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి. బిస్కెట్లు అయిపోయినా ఆపలేదు.

పెద్దమ్మ కంగారుపడింది. "కుడి చెయ్యికి ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే పెద్దమ్మా. వచ్చే నెల గూడ రండి, అది మొదలువెడత."