కాలిన చెయ్యి ఎవరిది

నా చిన్నప్పుడు నేను ఒట్టి అనుమానపు పక్షిని. పాలాయన నీళ్ళు కలుపుతున్నాడేమో, లెక్కల సారు జవాబులు చూసి రాస్తున్నాడేమో అని ఊరికే కనిపెడుతూ ఉండేదాన్ని. అలాంటి నా చేతికి బాబాయి హన్మకొండ లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక నవల దొరికింది. దొరల కాలంలో మా హసన్‌పర్తి చుట్టుపక్కల నిజంగా జరిగినవాటినే కథగా అల్లానని రచయిత ముందుమాటలో రాసుకున్నాడు.

మా నానమ్మకు చదువు రాదు. మధ్యాహ్నాలు నేనే చదివి వినిపించేదాన్ని. దొరల మీద తిరగబడి పశువుల కొట్టంలో దాక్కున్న సంఘం మనిషిని ఆ నవలలో ఒక ఆడమనిషి దొర గూండాలకు చూపించేస్తుంది. వాళ్ళు కొట్టానికి నిప్పు పెడితే ఆమె చెయ్యీ కాలుతుంది. ఆ ఘట్టం రాగానే నానమ్మ ఏదో పనుందని లేచి వెళ్ళిపోయింది. నేను పట్టించుకోలేదు. నా మనసంతా పక్కింటి మంత్రసాని అవ్వ మీద ఉంది. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలి ముడతలు పడి ఉండేది. ఎలా కాలిందంటే చెప్పేది కాదు. ఇంకేం కావాలి నాకు?

బావి దగ్గర అమ్మలక్కలకు పుస్తకం విప్పి చదివి, ఆ ఆడమనిషి మన అవ్వేనన్నాను. అచ్చులో ఉంది కాబట్టి అందరూ నమ్మారు. వారం తిరక్కుండా రెండు ఇళ్ళవాళ్ళు కాన్పుకు ఆమెను కాదని వేరే ఊరి మంత్రసానిని పిలిపించుకున్నారు. అవ్వ ఏమీ అనలేదు. తప్పు చేసింది కాబట్టే నోరు లేవడం లేదనుకున్నాను.

ఇంతలో మా చిన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నానమ్మ అవ్వను పిలుచుకురమ్మంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆ ద్రోహి మన ఇంట్లో కాలు పెట్టడానికి వీల్లేదన్నాను. నానమ్మ నన్ను కొట్టలేదు. గడప మీద కూలబడి మెల్లగా చెప్పింది.

"ఆ కాలిన చెయ్యి ఆమెదే బిడ్డా. కొట్టం గూడ ఆమెదే. లోపలున్నాయనను బయటికి గుంజుదామని మంటల్ల చెయ్యి పెట్టింది, ఆయన దక్కలే. చూపెట్టిన వేలు నాది. మీ నాయన పాలు తాగే పిలగాడు, దొర మనుషులు బాయి మీద తలకిందుల పట్టుకున్నరు. ఏం జెయ్యాలె నేను? ఆ రాసినాయన మా ఇద్దరిని కలిపి ఒక్కదాన్ని చేసిండు."

అవ్వకు తెలుసా అని అడిగాను. మొదటి నుంచీ తెలుసట. ఎవరితోనూ అనలేదట.

నానమ్మే వెళ్ళి, ఆ కాలిన చెయ్యే పట్టుకుని ఆమెను తీసుకొచ్చింది. చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. మర్నాడు నానమ్మ బావి దగ్గర అందరి ముందూ ఆ మాటే చెప్పింది. అవ్వకు పిలుపులు మళ్ళీ వచ్చాయి. నానమ్మ బిందె పక్కన మాత్రం చాలా రోజులు ఎవరూ బిందె పెట్టలేదు, అవ్వ తప్ప. అది చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆ నవల ఇప్పుడు మా మనవరాలికి కాలేజీలో పాఠం. అందులోని ఆడమనిషి నిజంగా ఉండేదా అని మొన్న అడిగింది. ఇద్దరు ఉండేవారని చెప్పాను. ఈ వయసులోనూ అనుమానం నన్ను వదల్లేదు. కాకపోతే వచ్చినప్పుడల్లా ముందు మా ఇంట్లో వెతుక్కుంటాను.